మా పి.డి. సారు ఆడించిన రెండు ఫైనళ్లు

పోయిన వారం ప్రొద్దుటూరులో జమ్మలమడుగు బస్సెక్కి కూర్చున్నాను. ముందు సీట్లో ఇద్దరు కాలేజీ పిల్లలు ఫోనులో ఫుట్‌బాల్ చూస్తూ, ఎవరో కోచ్ చిన్న మ్యాచులన్నీ గెలిచి పెద్ద మ్యాచ్ రాగానే చేతులెత్తేస్తాడని వాదించుకుంటున్నారు. నేను ప్రొద్దుటూరులో డిగ్రీ చదివేటప్పుడు మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టును తయారు చేసిన ఆటల మాస్టరు, మా పి.డి. సారు గురించి కూడా ఊరంతా ఇదే మాట అనేది. అది నిజమో కాదో అరవై దాటినా నాకు తేలలేదు.

నేను ముందు వరుసలో ఆడేవాణ్ణి. నాకంటే నాలుగు నెలలు పెద్దవాడైన మా మేనత్త కొడుకు, మా బావ, జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వచ్చి చదువుకుంటూ వెనుక గోలు దగ్గర కాపు కాసేవాడు. మేము రెండో సంవత్సరంలో ఉండగా కాలేజీల పోటీల ఫైనల్ పులివెందులలో జరిగింది. సగం ఆటకు ఒక గోలుతో మాదే పైచేయి, అదీ నేను కొట్టిందే. అయితే నా చీలమండ వాచింది. సారు మోకాళ్ల మీద కూర్చుని బొటనవేలితో అక్కడ నొక్కి చూశారు. నొప్పేమీ లేదన్నాను.

"నీ మొగమే చెప్తాంది లేప్పా. కూర్చో," అన్నారు.

నేను గట్టు మీద కూర్చుని చూస్తుండగానే రెండు గోల్స్ పడి ఓడిపోయాము. మర్నాటి నుంచి టీ కొట్ల దగ్గర అందరిదీ ఒకటే మాట: "ఈయప్ప ఫైనల్ గెలిచే మనిషి కాదు." అలా అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. కొన్ని నెలలపాటు ఆయన ఎదురుపడితే తల తిప్పుకుని పోయాను.

మరుసటి ఏడు ఫైనల్ మా ఊళ్లోనే, మా మైదానంలోనే. ఆట మొదలైన కాసేపటికి బావ కింద పడ్డాడు. మోకాలు మెలిపడింది. సారు పరుగున వచ్చి అదే బొటనవేలితో నొక్కారు. ఈసారి చాలాసేపు నొక్కారు. వెనుక జనంలోంచి ఎవరో, "ఈసారన్నా గెలిపీ సామీ" అని అరిచారు.

"ఆడతావాప్పా?" అని అడిగారు సారు.

"ఆడతా సార్," అన్నాడు బావ.

సారు లేచి గట్టు మీదికి వెళ్లిపోయారు. ఆట ముగియబోతుండగా బావ ఆ కాలితోనే బంతి ఆపి నాకు అందించాడు, నేను గోలు కొట్టాను. జనం సారును భుజాలకెత్తుకున్నారు. ఆయన నవ్వలేదు, అంత ఎత్తు నుంచి ఎవరినో వెతుకుతున్నట్టు చూశారు. బావ గోలుస్తంభం దగ్గర కూలబడి ఉన్నాడు.

ఆటల కోటాలో నాకు ఉద్యోగం వచ్చింది. బావ కాలు మళ్లీ తిన్నగా రాలేదు. చేలో నిలబడలేక బట్టల కొట్లో కూర్చున్నాడు. నేనెప్పుడైనా సారును తప్పుపడితే ఊరుకునేవాడు కాదు. "నన్నడిగినాడు రా. నేను ఆడతా అంటి. నిన్ను అడగను గూడా అడగల్య," అనేవాడు. మా ఇద్దరిలో సారు ఎవరికి మేలు చేశారో నాకు అర్థమయ్యేది కాదు.

చాలా ఏళ్ల తర్వాత పులివెందుల బస్టాండులో సారు కనిపించారు. చూపు బాగా మందగించింది. దగ్గరికి పోయి, ప్రొద్దుటూరు జట్టులో ఆడినవాణ్ణని చెప్పాను. నా చేయి పట్టుకుని, "కాలు ఎట్లుందప్పా?" అన్నారు.

నా చీలమండ సంగతి అడుగుతున్నారో, నన్ను బావ అనుకున్నారో తెలియలేదు. ఎవరి కాలని అడగడానికి నోరు రాలేదు. "శానా బాగుంది సార్, ఏం ఇబ్బంది లేదు," అన్నాను. బస్సు వచ్చేదాకా ఆయన నా చేయి వదల్లేదు. నేనే ఎక్కించాను. తర్వాత ఆయన్ను మళ్లీ చూడలేదు.

ఇప్పుడు దెబ్బ తగిలితే స్కానింగులున్నాయి, డాక్టరు రాసిచ్చిన కాగితముంది. ఆడించాలా వద్దా అన్నది ఒక్క మనిషి వేలి మీద ఉండదు. మా కాలేజీ మైదానంలో ఫుట్‌బాల్ ఆడేవాళ్లే కనబడరు. సారు పోయి ఏళ్లయింది. ఆ రోజు బస్టాండులో నేను చెప్పిన జవాబు నా కాలికైతే నిజం, బావ కాలికైతే అబద్ధం; ఎవరి కాలి గురించి చెప్పానో నాకే తెలియదు కాబట్టి, దాని సంగతి బావకు ఇంతవరకూ చెప్పలేదు.