ఎడమ రెక్కలో రాగి రేకు

మా వాళ్ళిళ్ళలో ఏ శుభకార్యం జరిగినా భోజనాల దగ్గర ఎవరో ఒకరు ఈ కథ ఎత్తుకుంటారు. కొడుకు ఇంటి ముందు కారు పెట్టుకునే చోట విమానం కట్టాడట, తల్లి దాంట్లో రాగి రేకు పెట్టించిందట, ఆ రేకే కొడుకుని కాపాడిందట. చెప్పేవాళ్ళు చివర్లో చేతులు జోడిస్తారు. వినేవాళ్ళు నా వైపు చూస్తారు, చదువుకున్న కోడలు ఇప్పటికైనా ఒప్పుకుంటుందేమోనని.

ఒప్పుకోను. ఆ రేకు మా ఆయన్ని కాపాడలేదు. ఆయన్ని మోసే రెక్కని లోపల్నించి తింటూ కూర్చుంది. ఈ మాట అనే హక్కు నాకుంది. ఆ రెక్కలో భుజం దాకా చెయ్యి పెట్టి పనిచేసింది నేను, వాళ్ళు కాదు.

మలేసియాలోని సుంగై సిపుట్‌లో మాది వరస ఇళ్ళలో చివరిది. మా ఆయన ఫ్యాక్టరీలో కంట్రోల్ ప్యానెళ్ళకి వైరింగ్ చేసేవాడు. నేను హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. యాభై దాటాక ఒకరోజు ఆయన, విమానం విడిభాగాలుగా పెట్టెల్లో వస్తుంది, ఇంట్లో కట్టుకోవచ్చు అన్నాడు. కట్టుకోండి, ఎక్కే సంగతి తర్వాత మాట్లాడదాం అన్నాను. మనిషికి రెండింతల పొడవున్న చెక్కపెట్టెలు లారీలో దిగాయి. మా కారు రోడ్డు మీదికి పోయి ఆరేళ్ళు వానలో తడిసింది. ఎదురింటి చైనీస్ ఆవిడ పెట్టెలు చూసి, పడవా అని అడిగింది. ఈ ఊరి వానలకి అదే నయం, కానీ మా ఆయనకి అంత తెలివి లేదు అన్నాను.

రెక్క అంటే చాలామంది ఒకే ముక్క అనుకుంటారు. కాదు. మధ్యలో వెన్నెముకలాగా ఒక దూలం, దానికి అడ్డంగా పక్కటెముకలు, వాటి మీద పల్చటి అల్యూమినియం రేకుల తొడుగు. అన్నిటినీ పట్టి ఉంచేవి వేల రివెట్లు. ఒక్కో రివెట్‌కీ ఇద్దరు మనుషులు కావాలి. బయట్నించి ఒకరు గన్‌తో కొడుతుంటే, లోపల్నించి ఇంకొకరు ఉక్కు దిమ్మ అదిమిపెట్టాలి. నా చెయ్యి సన్నం కాబట్టి లోపలి పని నాది. నేను ఒకసారి తడితే బాగుందని, రెండుసార్లు తడితే ఇంకొంచెం కొట్టమని, మూడుసార్లు తడితే చెడిపోయింది, తీసెయ్యమని. ఇరవై ఏళ్ళ కాపురంలో కుదరని మాట ఆ రేకు తొడుగుకి అటూ ఇటూ కుదిరింది. అక్కడ ఆయన నా మాటకి ఎదురు చెప్పేవాడు కాదు.

రెండు నియమాలు ఆయనే పెట్టాడు. రెక్క మూసేముందు లోపల మనది కానిది ఏదీ ఉండకూడదు. పనైపోయాక పనిముట్లు లెక్కపెట్టి పెట్టెలో సర్దేవాడు, ఒక్కటి తగ్గినా భోజనానికి లేచేవాడు కాదు. రెండోది, వేరే లోహం అల్యూమినియానికి తగలకూడదు. ఇది నాకు ఆయన చెప్పక్కర్లేదు, ఏటేటా క్లాసులో చెప్పే పాఠమే. రాగి, అల్యూమినియం ఒకదాన్నొకటి ఆనుకుని ఉండి మధ్యలో కాస్త తడి చేరితే చాలు, రాగికి ఏమీ కాదు, అల్యూమినియం పొడి పొడిగా రాలిపోతుంది. ఇలాంటి జంటలు పెళ్ళిళ్ళలోనే ఉంటాయనుకోకండి అనేదాన్ని. పిల్లలు నవ్వేవాళ్ళు.

ఇక రాగి రేకు. అరచెయ్యంత ఉంటుంది, మీద గీతలూ అక్షరాలూ చెక్కి ఉంటాయి, చదవగలిగినవాళ్ళు మా ఇంట్లో లేరు. మా అత్తకి వాళ్ళమ్మ ఇచ్చింది. ఆ పెద్దావిడ రబ్బరు తోటలో పాల కోసం చెట్లు గీసే రోజుల్లో పాముల నుంచీ పిడుగుల నుంచీ కాపాడిందని నమ్మకం. ఆయుధపూజ రోజు మా బంధువులంతా వచ్చారు. రివెట్ గన్‌కి కుంకం పెట్టాం, మోటర్‌సైకిళ్ళకి పెట్టాం, ఇంకా మూయని ఎడమ రెక్కకీ పెట్టాం. అప్పుడు అత్త ఆ రేకు తీసుకొచ్చి కొడుకు చేతిలో పెట్టింది.

"రెక్కలోన కట్టు నాయినా. గాల్లోన నిన్ను మోసేది అదే గదా."

మా ఆయన మెత్తగా, రెక్కలో వద్దమ్మా, కూర్చునే చోటు ముందర ప్లాస్టిక్ మీద అంటిస్తాను అన్నాడు. అది మంచి మాట. ఆ మాట దగ్గర ఊరుకుని ఉంటే ఇవాళ నేను రాయడానికి ఏమీ ఉండేది కాదు. కానీ నా నోరు నాకు తెలుసు కదా.

"ఇంజిన్ ఆగిపోతే ఈ రేకు దిగొచ్చి వెనకనించి తోస్తాదేటి, అత్తా?" అన్నాను.

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. అత్త ఒక్కతే నవ్వలేదు. రేకుని చీర చెంగులో చుట్టుకుంది.

"నవ్వండి లా," అంది, ఈ దేశపు వాడుకలో మాట చివర లా తగిలించి. "నానేటి సెయ్యాలో నాకు తెలుసు."

తర్వాతి వారం తనిఖీ చేసే ఆయన వచ్చి, టార్చి వేసి రెక్కంతా చూసి, మూసుకోవచ్చని సంతకం పెట్టాడు. ఆ మర్నాడు తెలుక్ ఇంటాన్‌లో మా అక్క కూతురి నిశ్చితార్థం. నువ్వు వెళ్ళిరా, నువ్వొచ్చేదాకా మూయను అన్నాడు మా ఆయన. నేను తిరిగొచ్చేసరికి పై తొడుగు వేసేసి క్లిప్పులతో బిగించి ఉంది. వాన వచ్చేలా ఉంటే కప్పేశాను అన్నాడు. వాన నిజంగానే వచ్చింది, కాబట్టి నేనూ నమ్మాను. చివరి వరస రివెట్లకి తొడుగు అంచు కింద నుంచి చెయ్యి దూర్చి, కళ్ళతో చూడకుండా దిమ్మ పట్టుకున్నాను. నా వేళ్ళు ఆ రాగి రేకుకి రెండు జానల ఇవతల ఆగిపోయాయని అప్పుడు నాకు తెలియదు.

కొన్నాళ్ళకి దేవుడి గది తుడుస్తుంటే రేకు కనిపించలేదు. అడిగాను. దాని సోట్లో అదుంది, నీకేల, అంది అత్త. బీరువాలో దాచుకుందనుకున్నాను. నా వెక్కిరింతకి నొచ్చుకుని దాచేసిందని కాస్త సిగ్గు కూడా పడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు.

మొదటిసారి ఎగిరిన రోజు రన్‌వే పక్కన కంచె దగ్గర నిలబడ్డాం. అత్తకి ప్లాస్టిక్ కుర్చీ వేశాం. ఆయన లోపల్నించి నాకు చెయ్యి ఊపాడు. నేను ఇంజిన్ చప్పుడు వింటున్నాను, చక్రాలు చూస్తున్నాను. అత్త మాత్రం ఎడమ రెక్కనే చూస్తోంది. విమానం లేచినా, మలుపు తిరిగినా, కిందికి దిగినా ఆవిడ చూపు ఆ రెక్క మీంచి కదల్లేదు. ముసలావిడ భయం అనుకున్నాను.

ఏడాదిన్నర ఎగిరాడు. కొండల మీదుగా, మధ్యాహ్నం మబ్బులు కమ్మేలోపు, ఒక్కడే. నన్ను రమ్మంటే, రివెట్లన్నీ నేను తట్టి చూసినవే కానీ మీ తలని తట్టి చూడలేదు అనేదాన్ని.

ఒకనాడు విమానం కడుగుతుంటే ఎడమ రెక్క అడుగున రంగు ఉబ్బినట్టు కనిపించింది. పది సెన్ నాణెమంత పొక్కు. మా ఆయన్ని పిలిచి చూపించాను. రంగు సరిగ్గా పట్టలేదు, ఎండకి లేచింది అన్నాడు. అన్నాడు కానీ వంగి చూడలేదు. ఏ చిన్న గీత పడినా భూతద్దం తెచ్చే మనిషి, వంగనైనా వంగలేదు. నేను గోటితో నొక్కాను. రంగు చిట్లి తెల్లటి పొడి వేలికి అంటింది. ఆ పొడి నాకు కొత్త కాదు. నేనే ఏటేటా గాజు గిన్నెలో చేసి పిల్లలకి చూపించేదాన్ని.

ఇది తెరిచేదాకా మీరు ఎగరడానికి వీల్లేదు అన్నాను. వచ్చే ఆదివారం ఎగిరొచ్చి చూద్దాం అన్నాడు. విమానం కీ తీసి నా జాకెట్లో పెట్టుకున్నాను. ఆ వారమంతా ఎంత అడిగినా ఇవ్వలేదు. చివరికి తనిఖీ రంధ్రం మూత తీసి, తీగ చివర కెమెరా ఉన్న పరికరం లోపలికి పంపి, ఫోన్లో చూశాం. మొదట పక్కటెముకలు, నా రివెట్లు, శుభ్రంగా, వరసగా. తర్వాత పసుపు దారం. దారానికి వేలాడుతూ, పచ్చగా చిలుము పట్టి, అడుగు తొడుగుని ఆనుకుని రాగి రేకు. దాని చుట్టూ ఉప్పు చల్లినట్టు తెల్లటి పొడి. ఆ పొడి పాకుతూ దూలం దాకా వెళ్ళింది. తర్వాత రెక్క విప్పితే దూలం అంచున గుంటలు పడి ఉన్నాయి, వేలి చివర పట్టేంత లోతుగా. ఇంకెన్నాళ్ళు మోసేదో నేను చెప్పలేను. చెప్పగలనన్నవాణ్ణి నమ్మను.

అత్తని అడిగితే ఆవిడ తడబడలేదు.

"అదుంది కాబట్టే గదా లోన సూసినారు. నేకపోతే సూద్దురా?"

అదీ ఇప్పుడు మీరు భోజనాల దగ్గర వినే కథ. రేకే పొక్కు లేపి హెచ్చరించిందట. ఇల్లు తగలబెట్టినవాడు పొగ చూపించాడని దణ్ణం పెట్టినట్టుంది.

అయితే నేను వాళ్ళెవరికీ చెప్పనిది ఒకటుంది. ఆ దారం ముడి. రెండు చుట్లు తిప్పి, ఒకదాని మీదుగా ఒకటి దాటించి, పైన జంట ముడి వేసి, కొసలు బియ్యపు గింజంత వదిలి కత్తిరించిన ముడి. మా ఆయన ఫ్యాక్టరీలో వైర్ల కట్టలకి వేసే ముడి అదే. నాకూ నేర్పాడు కానీ నా కొసలు ఎప్పుడూ పొడుగే. మా అత్తకి వేళ్ళు వంగవు. ఆవిడ రవిక హుక్కులు పదేళ్ళుగా నేనే పెడుతున్నాను.

ముడి చూపించి, ఇది మీ చేతి పనే కదా అని అడిగాను. "అలాంటి ముడి ఎవరైనా వేస్తారు టీచరమ్మా," అన్నాడు. చేతులు కడుక్కోవడానికి వెళ్ళి చాలాసేపటికి గానీ రాలేదు.

ఇప్పుడు కొత్త ఎడమ రెక్క ఇంటి ముందు ఉంది. ఇప్పటిదాకా కొట్టిన రివెట్లన్నిటికీ నేనే తట్టాను. నిన్న తనిఖీ అయింది, ఇక మూయడమే మిగిలింది. అత్త రేకుని చింతపండుతో తోమి మళ్ళీ దేవుడి గదిలో పెట్టింది, కొత్తదానిలా మెరుస్తోంది. పొద్దున్నే లేచి ముందు అది ఉందో లేదో చూస్తున్నాను. దేవుణ్ణి తర్వాత చూస్తున్నాను.

ఇవాళ కాఫీ తాగుతూ మా ఆయన, మీ అక్క ఫోన్ చేసింది, తెలుక్ ఇంటాన్ వెళ్ళిరా, నువ్వొచ్చేదాకా మూయను అన్నాడు.

నేను వెళ్ళడం లేదు. రెక్క పక్కనే కుర్చీ వేసుకుని ఇది రాస్తున్నాను. ముడి ఎవరు వేశారని ఇక అడగను, అది నాకు తెలుసు. నేను ఆయన్ని అడగాల్సింది ఇంకొకటి. మొదటిసారి ఎగిరిన రోజు కంచె దగ్గరున్న నాకు చెయ్యి ఊపారే, లోపల ఆ రేకు ఏం చేస్తోందో మీకు అంతా తెలుసే, మరి మీ అమ్మా నేనూ, మా ఇద్దరిలో ఎవరికి భయపడి పైకి వెళ్ళారు?