సీటు కింది పిస్తోలు

దాని బరువు కిలో ఖర్జూరాల కంటే తక్కువే ఉంటుంది. నేను చేత్తో పట్టుకున్నది ఒక్కసారే, అదీ కొద్దిసేపు. ఆ తర్వాత ఇన్నేళ్ళూ దాన్ని దించుకోలేకపోయాను.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు చెప్పలేదు. నమాజులో ఎన్నోసార్లు చెప్పబోయి, మధ్యలో మాట మార్చి ఇంకేదో వేడుకున్నాను. మీకెందుకు చెబుతున్నానంటే నేను మీకు తెలియను. ఇంకో కారణం కూడా ఉంది. పోయిన నెల అబూ నాసిర్ చనిపోయారు. ఆయన ఉన్నంతకాలం, రేపు చెబుదాంలే అనుకోవడానికి వీలుండేది.

మాది కడప జిల్లా. సౌదీలోని ఉనైజాలో ఖర్జూరాల తోట, దాన్ని ఆనుకుని ప్యాకింగ్ షెడ్డు ఉన్న ఒక పెద్దమనిషి దగ్గర ఆఫీసు పని చూసేవాణ్ణి. ఇప్పుడు ఆయన కొడుకు దగ్గర అదే పని చూస్తున్నాను. ఆ పెద్దమనిషే అబూ నాసిర్. అంటే నాసిర్ తండ్రి. అక్కడ మగవాళ్ళను పెద్దకొడుకు పేరుతో అలా పిలుస్తారు. వయసులో ఉండగా ఆయన బంగారం వ్యాపారం చేశారట. సరుకు వెంటబెట్టుకుని ఊళ్ళు తిరిగే రోజుల్లో పిస్తోలుకు లైసెన్సు తీసుకున్నారు. వ్యాపారం మానేశాక కూడా లైసెన్సు వదల్లేదు. గడువు తీరకముందే వెళ్ళి పొడిగించుకునేవారు. చేతికి గడియారం పెట్టుకున్నట్టే నడుముకు అది పెట్టుకునేవారు. దాన్ని ఎవరికైనా చూపించగా నేను చూడలేదు. కాల్చగా అసలే చూడలేదు.

ఆయనకు ఇంకో అలవాటు ఆ కారు. ఎర్రది, చిన్నది, రెండే సీట్లు. పందేలకు పోయే కుర్రాళ్ళు నడిపే రకం. భార్య పోయాక రియాద్ వెళ్ళి కొనుక్కొచ్చారు. ఈ వయసులో ఈ కారేమిటని నాసిర్ సిగ్గుపడేవాడు. ఆమె ఉన్నప్పుడు వద్దనేదని, ఆమె మాట కాదనలేక ఆగానని ఆయన నాతో ఒకసారి అన్నారు. ఆమె గురించి అంతకు మించి మాట్లాడలేదు.

ఆ కారులో కూర్చుంటే నేల మీద చాప వేసుకుని కూర్చున్నట్టుండేది. అంత కిందికి కూర్చునేసరికి నడుముకున్న పిస్తోలు ఆయన డొక్కలో గుచ్చుకునేది. అందుకని ఎక్కగానే తోలు సంచితో సహా దాన్ని విప్పేవారు. తన సీటు కింద పెడితే బ్రేకు వేసినప్పుడు జారి పెడళ్ళ కిందికి వస్తుందని భయం. ముందున్న చిన్న అరకు తాళం పోయింది. కాబట్టి ఒంగి నా సీటు కింద పెట్టేవారు. నేను కాళ్ళు వెనక్కి ముడుచుకుని, మడమలతో దాన్ని ఆపుకుంటూ కూర్చునేవాణ్ణి. తోటకు వెళితే అది కారులోనే ఉండిపోయేది. ఊళ్ళో దిగితే మళ్ళీ నడుముకు చేరేది.

ఆ ఉదయాలు నాకింకా కావాలి. ఇలా అనడానికి నాకు హక్కు ఉందో లేదో తెలియదు, కానీ నిజం అదే. ఫజ్ర్ నమాజు కాగానే హారను ఒక్కసారి మోగేది. నా మోకాళ్ళ మధ్య కహ్వా, అంటే అరబ్బు కాఫీ ఫ్లాస్కు. ఒడిలో సుక్కరి ఖర్జూరాలు. చలికాలమైతే అద్దాలు దించి, రోడ్డు పక్క ఎవరో వేసిన మంట పొగ లోపలికి రానిచ్చేవారు. వాదీ అనే ఎండువాగు మీది వంతెన దాటాక రోడ్డు ఖాళీగా ఉండేది. అక్కడ గేరు మార్చి, కారు ముందుకు ఉరికినప్పుడు చిన్నగా నవ్వేవారు. ఆ నవ్వు ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

నేను పుస్తకాలు చదువుతానని నన్ను ఉస్తాజ్ అనేవారు. పంతులుగారు అన్నట్టు, సగం వేళాకోళంగా. ఇంటి నుంచి తెచ్చుకున్న తెలుగు నవలలు నాకొచ్చిన వచ్చీరాని అరబీలో రోజుకింత చెప్పేవాణ్ణి. నా అరబీ దిద్దుతూ వినేవారు. మర్నాడు కారెక్కగానే, "సరే, ఆ అమ్మాయి తలుపు తీసిందా?" అని అక్కణ్ణుంచే మొదలుపెట్టించేవారు. పరాయి దేశంలో నా మాట కోసం ఎదురుచూసిన మనిషి ఆయనొక్కరే.

షెడ్డులో టీ పెట్టే మస్తాన్‌ది ప్రొద్దుటూరు. మేం తిరిగి రాగానే గేటు దగ్గర నిలబడి వెక్కిరించేవాడు.

"ఏమన్నా, పెండ్లికొడుకు మాదిరి ఎర్రకారులో తిరుగుతాండావు. మెడలో పూలదండొకటే తక్కువ."

ఒకరోజు మాత్రం పక్కకు పిలిచి, నవ్వకుండా అన్నాడు. "అన్నా, కాయితం ఆయప్ప పేరు మీదుండాది. తుపాకేమో నీ సీటు కిందుండాది. రేపు ఎవురన్నా నిలిపితే ఎవర్ని లోపలేస్తారో నువ్వే చెప్పు."

ఏదో అని నవ్వేశాను. కానీ ఆ మాట నాలో ఉండిపోయింది. ఆ తర్వాత చెక్‌పోస్టు కనబడితే మడమలు చల్లబడేవి.

అదే చలికాలంలో ఒక ఉదయం, ముందురోజు చెప్పిన భాగమే మళ్ళీ చెప్పమన్నారు. చెప్పాను. సగంలో ఆయనే ఆపారు. కారు పక్కకు తీసి ఇంజను కట్టేశారు. తర్వాత అన్నారు. "ఇది నిన్న చెప్పావు కదూ. నేను మర్చిపోతే నువ్వు గుర్తు చెయ్యి, ఉస్తాజ్. నాసిర్‌కి మాత్రం తెలియనివ్వకు. తెలిస్తే తాళాలు తీసేసుకుంటాడు."

అప్పటి నుంచి ఆయన చిన్నచిన్న మరుపులకు నేను కాపలా. మాత్ర వేసుకున్నారా, తోట గేటు వేశారా, ఎవరికి ఫోను చేయాలి. నేను చెప్పేవాణ్ణి. ఆయన నమ్మేవారు. ఇది గుర్తుపెట్టుకోండి. నేను చేసిన పాపమంతా దీని మీదే ఆనుకుని ఉంది.

ఖర్జూరాల సీజను వచ్చింది. ఒకరోజు మార్కెట్టు ముందు కారు ఆపి, ఇప్పుడే వస్తానని దిగి వెళ్ళిపోయారు. పిస్తోలు నడుముకు పెట్టుకోలేదు. అది నా మడమల దగ్గరే ఉంది. పిలుద్దామనుకునేలోగా జనంలో కలిసిపోయారు. ఇంతలో ఒక పోలీసు వచ్చి అద్దం మీద తట్టాడు. కారు తియ్యమన్నాడు. వెనక ట్రక్కులు ఆగి ఉన్నాయి. నేను డ్రైవరు సీటులోకి మారాను.

అతను కిటికీలోంచి తల లోపలికి పెట్టి కారంతా చూశాడు. కుర్రవాడు. ముచ్చటపడుతున్నాడు.

"ఎంత స్పీడు పోతుంది?"

"తెలియదు. నేను నెమ్మదిగా నడుపుతాను."

"మరి నీకెందుకిచ్చారు?" అని నవ్వి, పైకప్పు మీద చేత్తో కొట్టి పంపేశాడు.

మార్కెట్టు చుట్టూ తిరిగాను. పక్కన ఖాళీ సీటు. బ్రేకు వేసినప్పుడల్లా దాని కింద అది కదిలిన చప్పుడు. పోలీసులు ఆపి చూస్తే ఏం చెప్పాలి? ఏ భాషలో చెప్పినా ఎవరు నమ్ముతారు? జైలు, ఆ తర్వాత విమానం, ఆ తర్వాత మా ఇంటి గుమ్మంలో నా భార్య ముఖం. అన్నీ వరసగా కనబడ్డాయి. మళ్ళీ మార్కెట్టు ముందుకు వచ్చేసరికి అబూ నాసిర్ ఖర్జూరం నములుతూ వచ్చి, నన్ను స్టీరింగు దగ్గర చూసి, సంతోషంగా పక్క సీటులో కూర్చున్నారు. ఏం జరిగిందో ఆయన గమనించలేదు. నేను చెప్పలేదు. ఆ రోజు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. నా సీటు కింద అది పెట్టొద్దు, నాకు భయంగా ఉందని. అంతే. ఆయన నొచ్చుకునేవారు కూడా కాదు. ఎందుకు చెప్పలేదు? భయపడుతున్నానని చెబితే నన్ను వెంట తీసుకెళ్ళరేమోనని. ఆ ఉదయాలు పోతాయేమోనని. ఇంత చిన్న కారణం.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం. తోటలో భోజనాలయ్యాయి. అబూ నాసిర్ గదిలో కునుకు తీస్తున్నారు. పనివాళ్ళంతా నీడపట్టున పడుకున్నారు. నేను కారు తలుపు తీసి, సంచితో సహా దాన్ని నా తువ్వాలులో చుట్టి, తోట వెనక ఎండిపోయిన పాతబావి దగ్గరికి నడిచాను. దాచిపెట్టి సాయంత్రం నాసిర్‌కి ఇద్దామనుకున్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నాసిర్‌కి ఇవ్వాలనుకున్నవాడు బావి వైపు ఎందుకు నడుస్తాడు? నాసిర్ అయితే మొదట అడిగేది, ఇన్నాళ్ళూ అది నీ సీటు కింద ఎలా ఉందని. నేను దాన్ని లేకుండా చేయాలనుకున్నాను. చేశాను. కిందపడిన చప్పుడు కూడా పెద్దగా రాలేదు.

సాయంత్రం కారెక్కబోతూ ఆయన ఒంగి సీటు కింద చెయ్యి పెట్టారు. కాసేపు తడిమారు. మేం మాట్లాడుకున్నది అరబీలో. నాలో ఉండిపోయింది తెలుగులో.

"ఉస్తాజ్, పొద్దున నేను దాన్ని తెచ్చానా?"

"లేదు, అబూ నాసిర్. ఇవాళ మీరు తేలేదు."

"నీ కాళ్ళ దగ్గర పెట్టినట్టు గుర్తు. నువ్వు కాళ్ళు వెనక్కి తీసుకున్నావు కూడా."

"అది నిన్న."

"నిన్నా?"

"నిన్ననే."

ఆయన నా ముఖంలోకి చూశారు. ఎంతసేపు చూశారో చెప్పలేను. తర్వాత తల దించుకుని, "నువ్వు చెబితే అంతే," అన్నారు.

ఇంట్లో అల్మారాలన్నీ వెతికించారు. పరుపులు ఎత్తించారు. దొరకలేదు. లైసెన్సు ఉన్న ఆయుధం పోతే పోలీసులకు చెప్పి తీరాలి. నాసిర్‌తో పాటు నన్నూ ఆయన తన వెంట స్టేషనుకు తీసుకెళ్ళారు, తేదీలు తప్పకుండా చెప్పడానికి. తోటలో ఎంతమంది విదేశీ పనివాళ్ళున్నారని అధికారి అడిగాడు. అబూ నాసిర్ చెయ్యి అడ్డం పెట్టారు. "నా మనుషుల్ని అడగొద్దు. మర్చిపోయింది నేను," అన్నారు. కొడుకు ముందు అన్నారు. కొడుక్కి తెలియకూడదని నన్ను బతిమాలిన మనిషి తన నోటితోనే చెప్పేశారు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. అప్పుడూ నోరు మెదపలేదు.

లైసెన్సు వెనక్కి తీసుకున్నారు. ఇంటికి రాగానే నాసిర్ అడగకముందే కారు తాళాలు వాడి చేతిలో పెట్టారు. కారు మీద టార్పాలిన్ కప్పారు. మళ్ళీ వంతెన దాటలేదు.

ఆ తర్వాత ఆయన బతికిన కాలమంతా, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే మజ్లిస్ గదిలో గోడకానుకుని గడిచిపోయింది. ఏదన్నా అడిగితే తను చెప్పేవారు కాదు. ఉస్తాజ్‌ని అడగండి అనేవారు. అన్నం తిన్నారో లేదో, ఎవరొచ్చి వెళ్ళారో, ఉస్తాజ్‌ని అడగండి. నేను చెప్పేవాణ్ణి. ఒక్క అబద్ధం తప్ప మిగతావన్నీ నిజమే చెప్పాను. ఒకటి రెండుసార్లు నవల మొదలుపెట్టాను. విని, మర్నాడు ఏమీ అడగలేదు. మరుపు ఎలాగూ ముదిరేదేనని డాక్టరు అన్నాడట. ఆ మాట పట్టుకుని చాలాకాలం బతికాను. కావచ్చు. కానీ తన బుర్రను తాను నమ్మడం ఆయన మానేసింది జబ్బు వల్ల కాదు. ఆ సాయంత్రం, కారు పక్కన, నా వల్ల.

ఇంకో అనుమానం కూడా ఉంది. అసలు ఆయన నన్ను నమ్మారా? లేక నా ముఖంలో అంతా చూసి, స్టేషనులో నాకు అడ్డం నిలబడ్డారా? మొదటిది నిజమైతే ఆయనకు తన మీద నమ్మకం పోయింది. రెండోది నిజమైతే నా మీద పోయింది. ఈ రెండిట్లో ఏది నాకు తేలికో ఇప్పటికీ తేల్చుకోలేదు.

పోయిన నెల ఖననమయ్యాక నాసిర్ వచ్చినవాళ్ళలో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. "మా నాన్న వల్ల నీకు ఏదైనా అన్యాయం జరిగి ఉంటే క్షమించు," అన్నాడు. పోయినవాళ్ళ తరఫున అలా అడగడం ఆనవాయితీ. క్షమించానన్నాను. ఇంకేమనగలను? తిరిగి వస్తుంటే మస్తాన్ కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు. "ఆయప్ప మనకేం అన్యాయం చేసినాడన్నా, మాఫ్ చేసేదానికి?"

పాతబావిని ఎప్పుడో పూడ్చేశారు. కారును నాసిర్ అమ్మకానికి పెట్టాడు. మొన్న టార్పాలిన్ తీసి, స్టార్టవుతుందేమో చూడమని తాళాలు నాకిచ్చాడు. తలుపు తీసి అలవాటు కొద్దీ పక్క సీటులో కూర్చున్నాను. కాళ్ళు వాటంతటవే వెనక్కి ముడుచుకున్నాయి. ఏ కారెక్కినా అంతే, ఇన్నేళ్ళుగా. స్టీరింగు ముందు ఎవరూ లేరు. అయినా ఆయన అడిగిన ప్రశ్న అక్కడే ఉంది. దానికి నేను ఇంకా జవాబు చెప్పలేదు. చెప్పినది జవాబు కాదు.

నాసిర్‌కి చెబుతానో లేదో తెలియదు. ఆ ధైర్యం ఉందని మీకు మాటివ్వలేను. క్షమించవలసిన మనిషి లేరు, మరొకరు క్షమిస్తే అది నాకు అక్కర్లేదు. మీ ముందు మాత్రం ఆ జవాబు చెప్పి లేస్తాను.

తెచ్చారు, అబూ నాసిర్. ఆ రోజు మీరు తెచ్చారు. నా కాళ్ళ దగ్గరే పెట్టారు.