సర్వర్ పడిపోయే ముందు పసుపు వాసన

మా వాడలో ఎవరికైనా గాలి సోకిందని నిమ్మకాయలు కోస్తుంటే, అవే నిమ్మకాయలు పచ్చడికి వస్తాయి కదా అని ముఖం మీదే అనేసే మనిషిని నేను. దయ్యాలు, పీడలు, చనిపోయినవాళ్లు కనపడటాలు, ఇవేవీ నాకు పట్టవు. చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది కానీ, లేనిదాన్ని ఉందని చెప్పుకునే అలవాటు మాత్రం నాకు లేదు. రాహుకాలం, అమావాస్య చూస్తాను. అది వేరు, అది పంచాంగం.

అయినా కిందటేడు పసుపు సీజన్‌లో మా ఇంట్లో జరిగింది రాస్తున్నాను. రాయమని నా మనవరాలు స్రవంతి పోరు పెట్టింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయం కాదు, చిరాకే వస్తుంది.

మాది ఆర్మూర్. స్రవంతి నా కొడుకు కూతురు. కొడుకు మస్కట్‌లో పనిచేస్తాడు. కోడలు పొద్దున్నే బడిలో వంట చేయడానికి వెళ్తుంది. పగలంతా ఇంట్లో ఉండేది నేనూ, ఆ పిల్లా, ఆ పిల్ల లాప్‌టాప్. హైదరాబాద్‌లో స్రవంతి కంపెనీ వాళ్లు చాలామందిని తీసేస్తే అందులో ఇదీ ఒకటి. ఇంటికొచ్చి నెలల తరబడి గోడకేసి చూస్తూ కూర్చుంది. పలకరిస్తే పలికేది కాదు. అలాంటప్పుడు ఖాజా భాయ్ దానికొక పని ఇచ్చాడు.

పసుపు ఉడికించే బాయిలర్లు నడిపేవాళ్లకు ఖాజా భాయ్ పెద్ద. తవ్విన పసుపును ఎక్కువ రోజులు ఆపకూడదు, ఉడికించాలి. ఇప్పుడు ఆవిరి బాయిలర్‌ను ట్రాక్టర్‌కు కట్టి పొలానికే తెస్తారు. బాయిలర్లు కొన్నే, రైతులు చాలామంది. వంతుల కోసం ఏటా కొట్లాటలే. అందుకని ఫోన్‌లోనే వంతు పట్టుకునేలా స్రవంతి ఒక వెబ్‌సైట్ తయారుచేసింది. ప్రతి సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఆ వారం వంతులు తెరుచుకుంటాయి. ఎవరు ముందు నొక్కితే వాళ్లకు ముందు.

మొదటి సోమవారం. నేను వంటింటి గుమ్మంలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాను. ఉన్నట్టుండి పసుపు ఉడుకుతున్న వాసన వచ్చింది.

సీజన్‌లో ఆర్మూర్ అంతా పసుపు వాసనే కదా అంటారు. ఇది అది కాదు. నా కాపురం కొత్తలో మా ఆయన ఈ వాకిట్లోనే పెద్ద కడాయి పెట్టి, కట్టెల మంట మీద ఉడికించేవాడు. పైన పసుపు ఆకులు, గోనెసంచులు కప్పేవాళ్లం. కడాయి పట్టనంత పోస్తే పైవి పచ్చిగా ఉండగానే కిందివి అడుగంటేవి. పచ్చి ఆకు ఆవిరి, దాని కింద మన్ను మాడినట్టు ఒక ఘాటు. ఆ కడాయిని పాత ఇనుము కింద అమ్మేశాం. అప్పటికి స్రవంతి పుట్టనే లేదు. బాయిలర్లలో ఆకులు వేయరు, అడుగంటడం ఉండదు. ఆ వాసన ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదు.

లేచి పొయ్యి చూశాను, వెలిగించి లేదు. వాకిలి చూశాను. గోడ అవతలికి తొంగి చూశాను. ఏమీ లేదు. ఇంతలో లోపలి నుంచి స్రవంతి అరిచింది.

"బాపమ్మా, సర్వర్ పడిపోయింది!"

సర్వర్ అంటే ఎక్కడో బొంబాయిలో ఉండే పెద్ద కంప్యూటర్ అట. మా వెబ్‌సైట్ అందులో నడుస్తుందట. ఒకేసారి ఎక్కువమంది వస్తే ఊపిరాడక ఆగిపోతుందట. చిన్నదై ఆగిపోతుంటే పెద్దది తీసుకోవాల్సింది అన్నాను. పెద్దదానికి అద్దె ఎక్కువ అంది. ఆ మాట నాకు నచ్చింది.

ఆ రోజు ఫోన్లకు అంతు లేదు. ధర్పల్లి రైతు ఒకాయన గొంతు నాకు వంటింట్లోకే వినపడింది. "ఏం పిల్లవమ్మా నువ్వు! పసుపు తవ్వి కుప్ప పోసిన. నీ పేజీ సుట్టూ తిరుగుతనే ఉన్నది, నా తల తిరిగినట్టు!"

ఫోన్ లాక్కున్నాను. "దాని నోట్ల ఇంక బువ్వ పడలె. పేజీ తిరిగితే తిరగనీ, నువ్వు నా పిల్లను తినకు" అని పెట్టేశాను.

రెండో సోమవారానికి స్రవంతి ఇంకొంచెం పెద్ద సర్వర్ తీసుకుంది. ఏవేవో సరిచేసింది. అయినా అంతే. ముందు వాసన, వెనకాలే సర్వర్ పడటం. ఈసారి నేను "ఏందో అడుగంటుతున్నది" అని పైకే అన్నాను. ఆ మాట పూర్తికాకముందే అది నెత్తి పట్టుకుంది.

పిల్ల తెలివైనది. ఆ వాసనకు కారణం కూడా చెప్పింది. "మనింట్ల ఏండ్ల సంది పసుపు సంచులు పెట్టిండ్రు గద బాపమ్మా. ఆ దుమ్ము నా లాప్‌టాప్ ఫ్యాన్‌ల జేరింది. మస్తు పని పడ్డప్పుడు వేడెక్కుతది, వాసనొస్తది. అంతే."

నాకు ఎంతో నిమ్మళంగా అనిపించింది. కారణం ఉన్న సంగతి ఏదైనా నాకు ఇష్టమే. బస్టాండ్ దగ్గర దుకాణంలో లాప్‌టాప్ విప్పించి దుమ్ము దులిపించింది.

ఆ వారంలోనే స్రవంతి లాప్‌టాప్ పట్టుకుని నిజామాబాద్‌లో స్నేహితురాలి ఆఫీసుకు వెళ్లింది. అక్కడ ఇంటర్నెట్ బాగుంటుందట. ఏ పని మీద వెళ్తోందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. మధ్యాహ్నం బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. మళ్లీ అదే వాసన. ఇంట్లో లాప్‌టాప్ లేదు, ఫ్యాన్ లేదు, పిల్ల లేదు. నేనే ఫోన్ చేశాను.

"ఏం చేస్తున్నవే?"

"ఎందుకు బాపమ్మా?"

"మళ్ల అడుగంటింది."

గొంతు తగ్గించి అంది. "వేలమంది ఒక్కసారి వచ్చినట్టు ఉత్తుత్తిగ టెస్ట్ పెట్టిన. ఇప్పుడే పడ్డది. నీకు నేను చెప్పనేలె గద."

సాయంత్రం వచ్చి నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "నన్నేం చూస్తున్నవ్, పడ్డది నేనా?" అని కసిరాను. నా బాధ వేరు. పడిపోతోందని చెప్పే ముక్కు, ఎందుకు పడుతోందో చెప్పదు. అలాంటి ముక్కు ఎవరికి కావాలి? పిల్ల అన్నం మానేసి కూర్చుంటే, నేను గుమ్మంలో గాలి పీలుస్తూ కూర్చోవాలా?

ఖాజా భాయ్ స్వయంగా వచ్చాడు. "పెద్దమ్మా, నీ మొకం జూసి గిన్ని దినాలు ఆగిన. రైతులందరు నన్నే తిడుతున్నరు. ఇంకొక్కపారి పడ్డదంటె పట్నం కంపెనీకి ఇచ్చేస్త. పిల్లను ఫికర్ చెయ్యొద్దని చెప్పు, నాకు దాని మీద కోపం లేదు."

"పని గుంజుకుంటనంటవ్, ఫికర్ చెయ్యొద్దంటవ్. మంచిగనే ఉన్నది. చాయ్ తాగి పో" అన్నాను.

ఆయన వెళ్లాక స్రవంతి మళ్లీ గోడకేసి చూడటం మొదలుపెట్టింది. ఆ చూపు నాకు తెలుసు. ఈ పని పోతే అది ఆ గోడ దగ్గర నుంచి లేవదు. నాకు కావలసిందల్లా అది లేవడమే.

మర్నాడు అదే లేచింది. జనం ఏ నిమిషంలో వచ్చారో తీసి చూసింది. ఎనిమిదింటికి తెరిస్తే ఎవరూ రావడం లేదు. తొమ్మిది దాటగానే మూడు మండలాలూ ఒక్కసారే మీద పడుతున్నాయి. గోడ మీద క్యాలెండర్ చూసి నుదురు కొట్టుకుంది.

"రాహుకాలం, బాపమ్మా! సోమవారం తొమ్మిదింటిదాక రాహుకాలం. ఒక్కరు గూడ నొక్కుతలేరు!"

"ఎవరు నొక్కుతరు? పసుపు ఉడికించుడంటె ఆటనా?" అన్నాను.

పైగా ఇక్కడ తండ్రి నొక్కుతుంటే, అదే వంతు కోసం దుబాయ్ నుంచి కొడుకు నొక్కుతున్నాడు. తెరుచుకోకపోతే ఇద్దరూ మళ్లీ మళ్లీ నొక్కుతున్నారు. జనం కాలువలా వస్తారనుకుని స్రవంతి కట్టింది, వీళ్లేమో చెరువు తెగినట్టు వస్తున్నారు. దాంతో రాహుకాలం వెళ్లాక జక్రాన్‌పల్లికి ఒక సమయం, ధర్పల్లికి ఒకటి, ఆర్మూర్‌కు ఒకటి పెట్టింది. గేటు అని ఇంకొకటి కూడా పెట్టింది. అది మూస్తే జనం బయట వరుసలో ఆగుతారు, కొద్దికొద్దిగా లోపలికి వెళ్తారు. ఊరికే మూస్తే తిట్లు తప్పవు కాబట్టి, అవసరమైనప్పుడు చేత్తోనే మూయాలి.

తర్వాతి సోమవారం ఏ గొడవా లేకుండా గడిచింది. వాసన లేదు. పీడ వదిలిందనుకున్నాను.

ఆ గురువారం నాకు విపరీతమైన జలుబు. ముక్కు పూర్తిగా మూసుకుపోయింది, ఇంగువ పోపు వేసినా తెలియడం లేదు. బయట ఎండ మండుతోంది. వంతులు తెరిచే రోజు కాదు. స్రవంతి లాప్‌టాప్ పక్కన పెట్టుకుని అన్నం తింటోంది. ముద్ద చేతిలో పట్టుకుని తలెత్తింది.

"బాపమ్మా, పొయ్యి మీద ఏం పెట్టినవ్? మాడుతున్నది."

వెళ్లి చూశాను. పొయ్యి చల్లగా ఉంది. నాకైతే ఏ వాసనా లేదు. "ఎట్లున్నది?" అని అడిగాను.

"పచ్చాకు ఉడికినట్టు. దాని కింద మన్ను మాడినట్టు."

అడుగంటిందని అన్నాను కానీ, ఆకులు కప్పేవాళ్లమని దానికి నేనెన్నడూ చెప్పలేదు. పాత ముచ్చట్లు చెప్పుకుంటూ కూర్చునే తీరిక నాకెప్పుడూ లేదు.

అది తెర వంక చూసింది. లోపల పట్టుమని పదిమంది లేరు. "గేటు ముయ్యాల్నా? ఉత్తగ మూస్తే మళ్ల ఖాజా భాయ్‌కి ఫోన్లు పోతయ్."

"నీ పని, నీ ముక్కు. నన్నడగకు" అన్నాను.

ఎంగిలి చేత్తోనే మూసేసింది.

అది చేయి కడుక్కుని వచ్చేలోపు ఫోన్ మోగడం మొదలైంది. సాయంత్రానికి వడగండ్ల వాన ఉందని అప్పుడే అందరి ఫోన్లకూ వార్త వచ్చిందట. వంతు ముందుకు జరుపుకోవాలని కొందరు, వెనక్కి జరుపుకోవాలని కొందరు, అన్ని ఊళ్లూ ఒక్కసారే వచ్చి పడ్డాయి. రాహుకాలం, గీహుకాలం ఎవరూ చూడలేదు. వరుసలో నిలబెట్టినందుకు తిట్టారు. కానీ అందరి వంతులూ మారాయి.

చీకటి పడకముందే ఖాజా భాయ్ ఫోన్. "పెద్దమ్మా, పడలె! పని పిల్లదే, వచ్చేటేడు గూడ పిల్లదే!" స్రవంతి నవ్వింది. అన్నం మళ్లీ పెట్టమని అడిగి తిన్నది.

తర్వాత అది సమయాలు సరిచూసింది. గేటు మూసింది ముందు, వానకబురు వచ్చింది తర్వాత. ఇది సర్వర్ మీద భారం పడకముందే వచ్చిన వాసన. పడబోయే భారం గురించి వాసనకు ఎలా తెలుస్తుంది? పాత పద్ధతిలో ఎవరైనా కడాయి పెట్టారేమోనని ఖాజా భాయ్‌తో చుట్టుపక్కల ఊళ్లలో అడిగించాను. ఒక్కరూ లేరు.

పోయిన మామయ్యే, అంటే మా ఆయనే, కాపాడాడని మా కోడలు దండం పెట్టుకుంటుంది. నేను ఒప్పుకోను. ఆయన కడాయి పక్కనే కూర్చునేవాడు కానీ, అడుగంటుతోందని ఆయనకు ఒక్కనాడూ తెలిసేది కాదు. ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చి మంట లాగేది నేనే. ఆ ముక్కు నాదే అయితే, నా ముక్కు మూసుకుపోయిన రోజున ఆ వాసన ఆ పిల్లకెలా అందింది?

తెలియదు. తెలియదని రాయడం నాకు అస్సలు ఇష్టం లేదు. కానీ తెలియదు.