గొర్రె చెవి చెప్పిన వరుస

“అన్నా, ఎంతసేపట్ల తెలుస్తది?” అని, వేలికి గుచ్చిన సూది ఇంకా తీయకముందే మూడోసారి అడిగాను. ఆ రోజుల్లో డీఎన్‌ఏ అంటే మాకు టీవీ వార్తల్లో వినడమే. ఇద్దరిదీ ఒకే వంశమో కాదో రక్తం చుక్క చెప్పేస్తుందని మాత్రం నాకు గట్టి నమ్మకం (పదో తరగతి దాకా చదివిన తెలివి). ల్యాబాయన్ని అడిగితే, “అది గీడ కాదు చెల్లె, హైదరాబాద్ పోవాలె. మా తాన షుగరు, మలేరియా, బ్లడ్ గ్రూపు అయితయ్” అన్నాడు. రక్తం రక్తమే కదా అని గ్రూపు చూడమన్నాను.

సంగతేమిటంటే, మునగాల సంబంధం నాకు నచ్చింది. అబ్బాయి మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీలో పని. చూపులనాడు నేను చాయ్‌లో చక్కెర మరిచినా చప్పుడు చేయకుండా తాగాడు. అంతా కుదిరిందనుకుంటుంటే మా పెద్దనాయన అడ్డుపుల్ల వేశాడు. “వాళ్ల తాత ఇల్లరికమొచ్చి ఇంటిపేరు మార్చుకున్నడంట. అసలు మన వంశంల పాలోడేమో. అట్లయితే పిల్లలది అన్నాచెల్లెండ్ల వరుసయితది.” మా నాయన తహసీల్ ఆఫీసులో పాత భూమి పహాణీలు తీయించాడు. వాటిలో ఆ తాతకు కొత్త ఇంటిపేరే ఉంది. బడి రిజిస్టరు చూద్దామంటే, ఆయన బడి ముఖమే చూడలేదట. వారంలో తేలకపోతే వేరే సంబంధం చూస్తామన్నాడు పెద్దనాయన.

నేను సూర్యాపేటలో జిరాక్స్ షాపులో పనిచేసేదాన్ని. ఉద్యోగానికి సాక్ష్యమని వాళ్లు పంపిన ఫ్యాక్టరీ కార్డు కాపీ నా దగ్గరే ఉంది. అందులో బ్లడ్ గ్రూపు లైనును మెషిన్ మీద పెద్దది చేసి చదివాను. ఓ పాజిటివ్. ల్యాబు కాగితం మీద నాదీ ఓ పాజిటివే. (ఆ లెక్కన సూర్యాపేట బజార్లో సగం మంది నాకు అన్నలేనని ల్యాబాయన తర్వాత చెప్పాడు.) ఇంటికి పోయి నాయనమ్మ పక్కన కూలబడి, “ఒక్కటే రక్తమే నాయనమ్మా. ఆయన నాకు అన్నయితడు” అని ఏడ్చాను.

ఆమె కాగితాన్ని తిరగేసి చూసి నా ఒళ్లో పడేసింది. “గిది సరే, వాళ్ల గొర్రెల్ని ఎవరన్న సూసిండ్రా?”

“గొర్రెలకేం తెలుస్తది?”

“మనిషి ఇంటిపేరు మార్చుకుంటడు గని మంద చెవి కోత మార్చుకోడు. లే, బస్సెక్కుదాం.”

మా పాలోళ్లందరి మందల్లోనూ గొర్రె ఎడమ చెవి కొస కత్తిరిస్తారు. ఎన్ని ఇళ్లుగా విడిపోయినా అదే గుర్తు. సాయంత్రం మంద తిరిగొచ్చేసరికి మేం మునగాలలో వాళ్ల దొడ్డి ముందున్నాం. నాయనమ్మ ఒక గొర్రెను మోకాళ్ల మధ్య ఇరికించి పట్టి, అబ్బాయి నాయనమ్మను అడిగింది. “అక్కా, మీ ఆయన ఇల్లరికమొచ్చేటప్పుడు తన గొర్రెల్ని తోలుకొచ్చిండా?”

“తోలుకొచ్చిండు. అందుకే మా మందకు రెండు గుర్తులు. ఎడమ చెవికి ఆయన నాయన కోత, కుడి చెవికి మా నాయన కోత.”

మా నాయనమ్మ ఎడమ చెవిని వేళ్లతో తడిమింది. కొస నిండుగా ఉంది, చీలిక నడుమన ఉంది. ఇంకో రెండింటిని పట్టి చూసింది. ఎడమ చెవి అన్నిటికీ అట్లాగే ఉంది. ఆమె తీరిగ్గా చేతులు దులుపుకుని, “జర మంచినీళ్లియ్యి వదినా” అంది. అక్కా అన్న మనిషి వదినా అనేసరికి ఆ ముసలమ్మ నవ్వింది. నేను మళ్లీ ఏడ్చాను. “ఇప్పుడేమైందే?” అని నాయనమ్మ విసుక్కుంది.

ఇన్నేళ్ల తర్వాత ఆ ల్యాబు బెంచీ మీది పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. మునగాల పోయొచ్చిన మరుసటి పొద్దున ఓనరు రాకముందే షట్టరు లేపి, ఆ కార్డు కాపీని మళ్లీ మెషిన్ మీద పెట్టాను. బ్లడ్ గ్రూపు లైను మీద కాగితం ముక్క అడ్డం పెట్టి, ఈసారి ఫొటోలోని ఆయన ముఖం పెద్దది చేసుకున్నాను.