డాక్టరమ్మగారి ప్రశ్నలు

తొంభైల చివర్లో ఎం.టెక్. చదువుతూ, పాముకాటుకు సలహా చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాం రాయడానికి దివిసీమ వెళ్లాను. కృత్రిమ మేధ అన్న మాట అప్పటికి ఇళ్లల్లో ఎవరి నోటా లేదు. మా గైడు గారు దాన్ని ఎక్స్‌పర్ట్ సిస్టం అనేవారు. ఒక నిపుణుడి బుర్రలో ఉన్నదంతా ‘ఇలా ఉంటే ఇలా చెయ్యి’ అనే సూత్రాలుగా రాసి ఎక్కిస్తే, ఆ నిపుణుడు లేనిచోట కంప్యూటర్ సలహా చెబుతుందని మా ఆశ. దివిసీమలో ఊడ్పుల నుంచి కోతల దాకా పాముకాట్లు ఎక్కువ. అవనిగడ్డ దాటాక ఒక పల్లెలోని చిన్న ఆసుపత్రిలో ఏళ్ల తరబడి వాటికి వైద్యం చేస్తున్న డాక్టరమ్మగారు ఉన్నారని తెలిసి నన్ను అక్కడికి పంపారు.

మాది బందరు. నాన్న రేవులో చేపలు కొని ఊళ్లకు పంపేవాడు. కాలేజీ ఇచ్చిన కంప్యూటర్‌ను బస్సులో ఎలా తీసుకెళ్లాలా అని నేను బెంగపడుతుంటే, రొయ్యల్ని పంపే థర్మోకోల్ పెట్టెల్లో గడ్డి కుక్కి సర్ది, తన వ్యానులో తెచ్చి దింపాడు. డాక్టరమ్మగారు మూత తీసి వాసన చూశారు.

“ఇంతకీ ఇందులో ఉన్నది కంప్యూటరాండీ, చందువాలా?”

నాన్న సిగ్గుపడిపోయాడు. మరుసటి వారం నిజంగానే చందువాలు పంపాడు. ఆవిడ వాటిని తానే పులుసు పెట్టి, నాకు తల ముక్క వేశారు.

ఆవిడది గూడూరు దగ్గర పల్లె. తండ్రి చర్చిలో బోధకుడు. పెళ్లి చేసుకోలేదు. యాభై దాటిన మనిషి, ఆసుపత్రి ఆవరణలోనే ఉన్న రెండు గదుల ఇంట్లో ఉండేవారు. నన్నూ అక్కడే ఉంచుకున్నారు. పొద్దున్నుంచి ఆవిడ పక్కన స్టూలు వేసుకుని కూర్చోవడం, ఆవిడ రోగిని ఏదైనా అడిగితే ‘అదెందుకు అడిగారు?’ అని నేను ఆవిడను అడగడం, అదే నా పరిశోధన.

మొదట్లో విసుక్కునేవారు. “ఎందుకు అడిగానో నాకు తెలిస్తే కదమ్మాయ్ నీకు చెప్పడానికి? చూస్తే అనిపించింది, అడిగాను.”

కానీ నా ప్రశ్న ఆవిడను వదిలేది కాదు. అన్నం తింటూ మధ్యలో చెయ్యి ఆపి, “ఇందాక నేల మీద పడుకున్నావా అని అడిగాను చూడు, ఎందుకంటే కట్లపాము పక్కలోకి వస్తుంది. కరిచినట్టు కూడా తెలీదు. తెల్లారి కడుపునొప్పి అంటూ వస్తారు” అనేవారు. నేను కంచం దగ్గర్నుంచి లేవబోతే, “తిన్నాక రాసుకోవచ్చు, కూచో” అని కసిరేవారు.

ప్రోగ్రాం మొదటిసారి నడిపి చూపించినప్పుడు ఆవిడకు ఒక్కటే నచ్చలేదు. కాటు గుర్తు లేదంటే అది ‘పాముకాటు కాదు’ అని చెప్పేసింది.

“ఆ మాట తీసెయ్. నేనెప్పుడైనా అలా అన్నానా? తెలీదు, కనిపెట్టుకుని ఉండండి అనమను. తెలీదని చెప్పడం రాకపోతే అదేం డాక్టరు?”

దాన్ని సరిచేయడానికి నాకు నెల పట్టింది. తెలిసీ తెలియని దాన్ని లెక్కల్లో చెప్పడం మా శాస్త్రంలోనే పెద్ద చిక్కు. ఆవిడ పట్టుదల వల్లే నా థీసిస్‌లో చెప్పుకోదగ్గ అధ్యాయం తయారైంది. తెలుగు అక్షరాలు ఆ కంప్యూటర్‌లో వచ్చేవి కావు. అందుకని ప్రశ్నల్ని ఇంగ్లీషు లిపిలో, ఆవిడ అడిగే మాటల్లోనే రాసిపెట్టాను.

వరికోతలు మొదలైన రోజుల్లో ఒక ఆదివారం పొద్దున, డాక్టరమ్మగారు చర్చికి బయలుదేరుతూ పూలు కోయడానికని పెరట్లోకి వెళ్లి కనకాంబరాల కుండీ జరిపారు. వేలు పట్టుకుని లోపలికొచ్చారు.

“ముల్లు గుచ్చుకున్నట్టుంది” అన్నారు.

కాసేపటికి చెయ్యి వాచింది. నేను పరుగున వెళ్లి, ఆ ఏడాదే చేరిన కుర్ర డాక్టరు గారిని పిలుచుకొచ్చాను. ఆయన ఆవిడను ఆసుపత్రిలోకి తీసుకొచ్చి వేలు చూశాడు. ఒక గీత తప్ప ఏమీ కనిపించలేదు.

“మేడమ్, పాము విషానికి మందు మొదలుపెడదామండీ.”

“ముల్లుకా? ఉన్నవి నాలుగు సీసాలు. కోతల్లో ఎవరికి ఏ క్షణాన కావలసొస్తుందో. ముట్టుకోకండి.”

ఆయనకు ఏం చేయాలో తోచలేదు. ఎదురుగా ఉన్నది తనకు పని నేర్పుతున్న మనిషి. నావైపు చూసి, “మీ ప్రోగ్రాం పెట్టండి” అన్నాడు. పెట్టాను. తెర మీద వచ్చిన ప్రశ్నల్ని ఆయన పైకి చదవసాగాడు.

“చెయ్యి కనపడే చోట పెట్టావా, కనపడని చోటా?”

ఆవిడ విసుగ్గా, “కుండీ వెనక” అన్నారు.

“నొప్పి అక్కడే ఉందా, పాకుతోందా?”

“మోచేతి దాకా వచ్చింది.”

“తల కదపకుండా పైకి చూడు.”

ఆవిడ పైకి చూడబోయారు. రెప్పలు సగంలో ఆగిపోయాయి. పాము విషం ఎక్కితే మొదట వాలేవి రెప్పలే. అది మాకంటే ముందు ఆవిడకే అర్థమైంది. తెర మీద ‘మందు మొదలుపెట్టు. రోగి వద్దన్నా ఆగకు’ అని వచ్చింది. కుర్ర డాక్టరు గారు దాన్నీ పైకి చదివాడు. ఆవిడ తనంతట తానే లేచి మంచం మీద పడుకుని చెయ్యి చాపారు.

“అది నేనన్న మాటే. కానివ్వండి” అన్నారు. అప్పటికే మాట ముద్దగా వస్తోంది.

ఆ సీసాలు చాలవని ఆయన చెప్పగానే నేను రోడ్డు మీది ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తి నాన్నకు ఫోన్ చేశాను. నాన్న బందరులో డాక్టర్లనూ మందుల షాపులనూ పట్టుకుని, దొరికిన సీసాలన్నీ ఐసు పెట్టెలో పెట్టుకుని వ్యానులో వచ్చాడు. ఈలోగా ఆవిడకు ఊపిరి అందక, నర్సమ్మగారూ నేనూ వంతులవారీగా రబ్బరు బ్యాగు నొక్కుతూ గాలి పంపాం. నా చేతుల్లో ఆవిడ ఊపిరి ఉందన్న భయంతో నాకు ఏడుపు కూడా రాలేదు. ఆరాధన ముగిశాక చర్చివాళ్లంతా వచ్చి వరండాలో కూర్చుని మెల్లగా ప్రార్థన చేస్తున్నారు. నాన్న వాళ్ల వెనక చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

సాయంత్రానికి రెప్పలు లేచాయి. నన్ను చూసి ఏదో అనబోయారు, గొంతు రాలేదు. మర్నాడు వచ్చిన మొదటి మాట, “అమ్మాయ్, ఇంకో సూత్రం రాసుకో. కాటు పడింది డాక్టరుకైతే, వాళ్ల మాట అసలు వినొద్దు.”

రాశాను. వైవాలో ఎగ్జామినర్ గారు ఆ సూత్రం చదివి నవ్వి, సంతకం పెట్టారు. ఆ ప్రోగ్రాం కొన్నేళ్లు ఆ ఆసుపత్రిలోనే ఉంది. కొత్తగా చేరిన డాక్టర్లు దానితోనే పని నేర్చుకునేవారని విన్నాను. తర్వాత కంప్యూటర్ పాడైపోయింది.

నేను హైదరాబాదులో మరో రకం పరిశోధనలోకి వెళ్లాను. షుగరు ఉన్నవాళ్ల కంటి లోపలి ఫొటోలు చూసి జబ్బును పోల్చుకోవడం మిషన్‌కు నేర్పించడం మా పని. అందులో సూత్రాలు ఉండవు. వేల ఫొటోలు చూపిస్తూ పోతే అదే నేర్చుకుంటుంది. ఆ ఫొటోల కోసమే గుడివాడలో కంటి క్యాంపు పెట్టాం. డాక్టరమ్మగారు రిటైరై అప్పటికి గుడివాడలోనే చెల్లెలింట్లో ఉంటున్నారు. కబురు పెడితే రిక్షాలో వచ్చారు.

ముదినేపల్లి వైపు నుంచి వచ్చిన ఆడవాళ్లు కెమెరా వెలుగు కంట్లో పడితే చూపు పోతుందేమోనని గుమ్మం దగ్గరే ఆగిపోయి ఉన్నారు. ఆవిడ నా దగ్గరికొచ్చి అడిగారు.

“దీన్ని ఎందుకలా అన్నావని అడిగితే చెబుతుందా?”

“చెప్పలేదండీ. ఇంకా ఆ విద్య రాలేదు.”

“అయితే పక్కన అడిగేవాళ్లని ఉంచుకో” అని, కళ్లజోడు తీసి నా చేతిలో పెట్టి, కుర్చీలో కూర్చుని గడ్డం కెమెరాకు ఆనించారు. వెలుగు మెరిసింది. లేచి కళ్లు తుడుచుకుంటూ గుమ్మం వైపు తిరిగారు.

“నాకేం కాలేదు, రండమ్మా. చంటిపిల్ల ఉన్నావిడని ముందు రానివ్వండి.”