పెద్ద టైలరు కడుపుమంట

పెద్ద టైలరుకి కడుపులో మంట మొదలైన రోజుల్లోనే తమ్ముడు ఎదురుగా షాపు పెట్టాడు. తప్పంతా అక్కడే వచ్చింది. మంట కాస్త ముందొచ్చినా, షాపు కాస్త వెనకొచ్చినా ఇంత గొడవ ఉండేది కాదు.

ఆ తమ్ముడికి కత్తెర పట్టడం నేర్పింది ఈయనే. కానీ చిన్న టైలరు షాపులో నిలువెత్తు అద్దం, కొత్త ఫ్యాషన్ల బొమ్మలు. జనం అటే. ఈయనేమో పొద్దున్నంతా టీ మీద టీ తాగి, ఎండ వాలాక పీకలదాకా తిని, కటింగ్ బల్ల మీదే ఒరిగిపోయేవాడు. లేచేసరికి పుల్లటి తేన్పులు, గొంతుదాకా మంట. పైగా ఈ వయసులోనూ ప్యాంటు నడుం బిగుతుగా కుట్టుకోవడం ఆయనకో గొప్ప.

ఒకరోజు దారాలూ గుండీలూ అమ్మే మనిషి వచ్చి, "ఏంటి మాస్టారూ, ముఖం అలా మాడ్చుకున్నారు?" అన్నాడు.

ఈయన ఛాతీ రుద్దుకుంటూ, ఎదురు షాపుకేసి చూస్తూ, "కడుపుమంట" అన్నాడు.

అనాల్సిన మాట కాదు, చూడాల్సిన వైపూ కాదు. గుండీలాయన ఆ మాటకి ఉప్పూ కారం అద్ది రోడ్డు దాటించాడు.

సాయంత్రం తమ్ముడొచ్చాడు. కూర్చోలేదు. "నా షాపు చూస్తే నీకు కడుపుమంటగా ఉందా అన్నయ్యా?"

తిన్నది అరగట్లేదురా వెధవా అంటే సరిపోయేది. ఇద్దరూ నవ్వుకునేవారు. కానీ చేతుల్లో పెరిగినవాడు అలా అడిగేసరికి ఈయనకి ఒళ్ళు మండింది. "ఔను, ఉంది. ఏం చేస్తావ్?"

తమ్ముడు వచ్చిన దారినే రోడ్డు దాటాడు. నెల తిరక్కుండా షాపు ఖాళీ చేసి ఊరి అవతలి చివరికి వెళ్ళిపోయాడు.

మంట మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ మాట ఎత్తడానికే భయపడి ఈయన ఎవరికీ చెప్పుకోలేదు. చివరికి భార్యే కనిపెట్టి, ఆయుర్వేదం డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

"దీన్ని ఆమ్లపిత్తం అంటారు బాబాయిగారూ. టీలు తగ్గించండి. పెందలాడే తినండి, తినగానే నడుం వాల్చకండి. మంచానికి తలవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేయండి. ధనియాలు నానబెట్టిన నీళ్ళు తాగండి, అన్నం తిన్నాక కాస్త సోంపు నమలండి. తగ్గకపోతే పరీక్షలు చేయించాలి, అశ్రద్ధ చేయొద్దు. ముందు ఆ ప్యాంటు వదులు చేసుకోండి."

"ఊరందరి నడుములూ కొలుస్తారు, ఈయనది ఈయనకే తెలీదు" అంది భార్య.

పెద్ద టైలరు ఇవేవీ వినలేదు. పేరు దగ్గరే ఆగిపోయాడు. ఆమ్లపిత్తం. ఎంత మర్యాదైన పేరు! గుండీలాయనతో ఆ రోజు ఈ మాట అనుంటే, అర్థంకాక ఊరుకునేవాడు కదా అని కుమిలిపోయాడు.

భార్య వెంటపడి అన్నీ చేయించింది. మంట మెల్లగా తగ్గుముఖం పట్టింది. అయితే అన్నం తిన్నాక వాలడానికి లేదు కాబట్టి కూర్చోవాలి. కూర్చుంటే ఎదురుగా మూసిన షట్టరు. దాన్ని చూస్తూ చూస్తూ ఒకరోజు ఆయనకి గుర్తొచ్చింది. ఏళ్ళ తరబడి తన దగ్గరే కుట్టించుకున్న మనిషి, సంకలో గుడ్డతో తలొంచుకుని రోడ్డు దాటిన పొద్దు. అప్పటికింకా మొదటి టీ కూడా తాగలేదు. అయినా లోపల భగ్గుమంది.

మర్నాడే తమ్ముడి దగ్గరికి బయల్దేరాడు. ఆమ్లపిత్తం, ఆమ్లపిత్తం అని దారంతా వల్లించుకున్నాడు.

తమ్ముడు మిషను ఆపి స్టూలు జరిపాడు. "కడుపుమంట తగ్గిందా అన్నయ్యా?"

భార్య కబురు చెప్పిందో, పాత మాటే మనసులో పెట్టుకుని అడిగాడో తెలియలేదు. నాలుక చివరిదాకా వచ్చిన పేరుని పెద్ద టైలరు మింగేశాడు.

"రెండూ తగ్గాయిరా."

తమ్ముడు మెడలో టేపు సవరించుకున్నాడు.

"అరగని మంట ఒకటే ఉందని ఆ రోజు అబద్ధమైనా చెప్పాల్సింది అన్నయ్యా" అని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు.