మిషనమ్మ పంచిన పువ్వు

ఆ వీధిలో అందరూ ఆమెను మిషనమ్మ అనేవారు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. ముందుగదిలో కుట్టుమిషను, కిటికీ పక్కన కత్తిరింపు బల్ల, అదీ ఆమె లోకం. భర్త లోకం ఊరి చివర పూలతోట. గాజుకప్పు కింద ఒక ఆర్కిడ్ పుప్పొడి మరో ఆర్కిడ్‌కు అద్ది, నచ్చని మొక్కలన్నీ పారేస్తూ, ఏళ్ల తరబడి తంటాలు పడి చివరికి ఒక పువ్వు సాధించాడు. పాలలాంటి రేకులు, గొంతులో వంకాయరంగు జీర. అది రెండోసారి పూయకముందే గుండె ఆగి పోయాడు.

ఆమె ఇంకా తేరుకోకముందే మరిది తోటకు కొత్త తాళం వేశాడు. తోట పోయినందుకైతే గుడ్ల నీళ్లు గుడ్ల కుక్కుకుని ఊరుకునేదే. కానీ పెళ్లి పందిళ్లు అలంకరించే ఆసామి ఆ పువ్వు చూసి ముచ్చటపడితే, మరిది రొమ్ము విరుచుకుని “నా చేతుల్తో పుట్టించాను” అన్నాడట. ఆ మాట చెవిన పడ్డాక మిషనమ్మకు ఒళ్లు మండిపోయింది. నేరుగా తోట గేటు దగ్గరికి వెళ్లింది.

“అన్న పేరు ఒక్కసారి చెబితే నీ నోరు పడిపోతుందా?”

“పోయినవాడి పేరు చెబితే పూలు అమ్ముడుపోతాయా వదినా? అంత ముచ్చటగా ఉంటే నా పూలకొట్టుకు వచ్చి కొనుక్కో, అందరిలాగే” అని గేటు వేసేశాడు.

అతను కోసిన పూలకాడలే అమ్మేవాడు. మొక్కను మాత్రం ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు.

వ్యవసాయ కాలేజీ వాళ్లకు తెల్లకోట్లు కుట్టి ఇవ్వడానికి వెళ్లినప్పుడు మిషనమ్మ మొదటిసారి అక్కడి ప్రయోగశాల చూసింది. అరల నిండా గాజుసీసాలు, సీసాల్లో జావలాంటి జెల్లీ, జెల్లీలో గోరంత పచ్చటి మొక్కలు. అక్కడ నేర్పే మేడమ్‌ని పట్టుకుని అడిగింది.

“కోసిన పూల కాడ నుంచి మొక్క వస్తుందా అమ్మా?”

“మీరు చెప్పే రకానికి వస్తుంది. కాడ కణుపు దగ్గర, పొర కింద, మొగ్గ నిద్రపోతుంటుంది. దాన్ని లేపడం నేర్చుకోవాలి. వచ్చిన మొక్క అచ్చం తల్లిలాగే ఉంటుంది.”

“అయితే నేర్పండి.”

ఆ సాయంత్రమే కొట్టుకు వెళ్లి తాజా కాడ ఒకటి కొంది. మరిదే నవ్వుతూ కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఆమె కూడా నవ్వింది.

నేర్చుకోవడం అనుకున్నంత తేలిక కాలేదు. కణుపును ముక్కగా కోసి, మందునీళ్లలో కడిగి, వడగట్టిన గాలి వీచే పెట్టెలో చేతులు పెట్టి, బ్లేడును స్పిరిట్ దీపం మీద కాల్చి, చల్లారనిచ్చి, పొర ఒలిచి, ముక్కను సీసాలో దించాలి. సూది పట్టిన చేతులే కాబట్టి కోత కుదిరింది. అయినా సీసాలన్నీ బూజు పట్టిపోయాయి. మేడమ్ పక్కనే నిలబడి గమనించింది.

“పని చేస్తూ ఏదో గొణుగుతున్నారే, ఏమిటది?”

“మా మరిదిని తిడుతున్నాను.”

“తిట్లు ఆయనకు తగలడం లేదండీ. మీ ఊపిరీ తుంపర్లూ సీసాలకు తగులుతున్నాయి. ఇక్కడ నోరు మూసుకోవాలి.”

తోటి పిల్లలు కిసుక్కున నవ్వారు. మర్నాటి నుంచి మిషనమ్మ ముక్కుకూ నోటికీ గుడ్డ బిగించి, పళ్లు నూరుకుంటూ పని చేసింది. మాటగా బయటికి పోయే కోపమంతా వేళ్లలోకి దిగింది. సీసాలు బూజు పట్టడం మానాయి. ఒక కణుపు ఉబ్బి ఆకు తొడిగింది. దాన్ని విడదీసి మళ్లీ నాటితే పిలకలు పుట్టాయి, పిలకల నుంచి మళ్లీ పిలకలు. తొందరపడి బయటికి తీసిన మొదటి విడత మొక్కలు బయటి గాలికి తాళలేక వాడిపోయాయి. ఆ రోజు ఆమె ఏడ్చింది. తర్వాత వాటిని తడిగాలి నుంచి పొడిగాలికి మెల్లమెల్లగా అలవాటు చేయడం కూడా నేర్చుకుంది.

ఏళ్లు పట్టింది. పట్టనీ అనుకుంది. మొక్కలు మొగ్గ వేసే ఈడుకొచ్చాక, ఇంటి ముందు బల్ల వేసి అడిగిన ఇంటికల్లా ఒక కుండీ ఊరికే ఇచ్చింది. ఒకటే షరతు. తీసుకునేవాళ్లు ఎవరు పెంచిన పువ్వో నోరారా చెప్పాలి. “మిషనమ్మగారి ఆయన పెంచిన పువ్వు” అని పిల్లా పెద్దా చెప్పి పట్టుకుపోయారు.

ఆ ఏడు కిటికీ కిటికీకీ అదే పువ్వు విచ్చుకుంది. పందిళ్ల ఆసామి వీధంతా తిరిగి చూసి, “గుమ్మం గుమ్మానికీ ఉన్న పువ్వును పెళ్లిలో పెడితే నా పరువేం కావాలి?” అని మరిది కొట్టుకు రావడం మానేశాడు.

మరిది పరుగెత్తుకొచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

“అమ్ముకున్నా అర్థముండేది వదినా! ఊరికే పంచిపెడతావా?”

“అమ్మితే నీ పక్కన ఇంకో కొట్టు అయ్యేది, అంతే. పంచితే నీ కొట్టుతో ఎవరికీ పని లేదు.”

“నన్ను నాశనం చేశావు.”

“అవును” అంది మిషనమ్మ, కుండీకి నీళ్లు చల్లుతూ.

అతను బంతులూ గులాబీలూ అమ్ముకునే స్థితికి దిగాడు. అన్న పేరు మాత్రం చెప్పలేదు. ఆమెకు అదొక్కటే ముల్లులా మిగిలింది.

ఒక పొద్దున కుండీల కోసం నిలబడ్డ వరుసలో తోడికోడలు, ఆ మరిది పెళ్లాం, కనిపించింది. పక్కింటామె దారి ఇవ్వబోతే, “వరుసలోనే రానీ” అంది మిషనమ్మ. వంతు వచ్చింది.

“ఎవరు పెంచిన పువ్వు?”

తోడికోడలు నేల చూసింది.

“బావగారు పెంచిన పువ్వు అక్కా.”

“వినపడలేదు.”

“బావగారు పెంచిన పువ్వు!” గొంతు చీరుకుపోయింది.

మిషనమ్మ ఉన్నవాటిలో నిండుగా మొగ్గలున్న కుండీ ఏరి ఆమె చేతుల్లో పెట్టింది. “మీ ముందుగది కిటికీలో పెట్టు. వాడు కాఫీ తాగే చోట” అంది.

ఆ మధ్యాహ్నం కడుపునిండా భోంచేసి, మిషను మీద గుడ్డ కప్పి, ఆదమరిచి నిద్రపోయింది.